జ్వాలాపురం బూడిద, పటాన్‌చెరు విత్తనం

మొదటి రోజు

తెల్లవారుజామున బనగానపల్లెలో బస్సెక్కేముందు అమ్మ రెండు మూటలు చేతికిచ్చింది. ఒకదాంట్లో తమ్ముడి ఇంటికి కొర్రబియ్యం. ఇంకోదాంట్లో దారిలో తినడానికి జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి. నా అంతట నేను పెట్టుకున్నది ఒక్కటే. చిన్న గాజు సీసాలో గుప్పెడు బూడిద.

ముందు ఆ బూడిద సంగతి చెప్పాలి. మా ఊరికి దగ్గర్లో జ్వాలాపురం ఉంది. అక్కడ జుర్రేరు వాగు పక్కన నేల తవ్వితే తెల్లటి బూడిద పొర బయటపడుతుంది. కొన్నిచోట్ల మనిషి లోపల నిలబడినా తల కనిపించనంత మందం. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు సముద్రం దాటి గాలికి వచ్చి పడి, వానలకు కొట్టుకొచ్చి పేరుకున్న బూడిద అది. వేళ్ల మధ్య నలిపితే పిండిలా ఉంటుంది కానీ పిండి కాదు, సన్నగా కోసుకుంటుంది. అది గాజు. మైఖేల్ పెట్రాగ్లియా, రవి కొరిసెట్టర్‌ల బృందం అక్కడ తవ్వి 2007లో ఒక సంగతి ప్రకటించింది. బూడిద పొర కింద రాతి పనిముట్లు దొరికాయి, పొర పైనా దొరికాయి, రెండింటి పనితనంలో పెద్ద తేడా లేదు. ఆ మనుషులు ఎవరన్నదాని మీద పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. నాకు మాత్రం ఆ వార్త చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. ఆకాశం నుంచి గాజు కురిసింది. ఆ తర్వాత కూడా మా వాగు పక్కన ఎవరో కూర్చుని రాయి చెక్కుతూనే ఉన్నారు.

నేను హైస్కూల్లో సైన్స్ చెబుతాను. మూడేళ్లుగా ఒక సైన్స్ ఫిక్షన్ నవల రాస్తున్నాను. టోబా లాంటిది మళ్లీ పేలుతుంది, గంధకపు తెర ఏళ్ల తరబడి ఎండను ఆపేస్తుంది, హైదరాబాద్‌లో మిగిలినవాళ్లు ఎలా బతుకుతారన్నది కథ. ఇందులో ఊహ కొంతే. 1815లో తంబోరా పేలితే మరుసటి ఏడాది యూరప్‌లో, అమెరికా ఈశాన్య భాగంలో ఎండాకాలమే రాలేదు. 1991లో పినటుబో పేలితే భూమి సగటున అర డిగ్రీ దాకా చల్లబడింది. టోబా ముందు అవి రెండూ చిన్నపిల్లలు. రెండొందల యాభై పేజీలు అయ్యాక ఒక స్నేహితుడు చదివి, "అందరూ తుపాకులు పట్టుకుని తిరుగుతున్నారు సరే, తింటున్నదేంది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ దసరా సెలవుల్లో బయల్దేరాను.

కర్నూలు, జడ్చర్ల దాటి మధ్యాహ్నం రెండింటికి ఇమ్లీబన్ బస్టాండులో దిగాను. ఇమ్లీబన్ అంటే చింతతోపు. మూసీ పక్కనే ఉన్న ఆ బస్టాండు నుంచి సామానుతోనే అఫ్జల్‌గంజ్ వైపు నడిచి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోకి వెళ్లాను. నేను చూడాల్సింది ఒక చింతచెట్టు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. పైనున్న చెరువుల కట్టలు ఒకదాని వెనక ఒకటి తెగి నీళ్లన్నీ ఊరి మీద పడ్డాయి. సుమారు పదిహేను వేలమంది పోయారని చెబుతారు. వంతెనలు కొట్టుకుపోయాయి. ఈ చెట్టు కొమ్మలెక్కినవాళ్లు మాత్రం నూటయాభై మంది బతికారు.

చెట్టు మొదలు దగ్గర ఒక పెద్దావిడ దుప్పటి పరుచుకుని, పక్కన స్టీల్ క్యారియర్ పెట్టుకుని కూర్చుంది. లోపల వార్డులో కొడుకు. బెరడు మీద చేయి వేసి నేను చాలాసేపు నిలబడేసరికి, "చెట్టుకు మొక్కుకున్నవా బిడ్డా?" అని అడిగింది. వరద సంగతి చెప్పాను. ఆమె తలెత్తి కొమ్మలను చూసింది. "నూటయాభై మంది ఎట్ల పట్టిన్రు?" అంది. అప్పటిదాకా అది నాకు ఒక అంకె. ఆ ప్రశ్నతో నేనూ తలెత్తి కొమ్మలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒక కొమ్మ మీద పదిమంది అనుకుంటే ఎవరు ఎవర్ని పట్టుకున్నారు? పిల్లల్ని పైకి ఎవరు అందించారు? రాత్రి చేతులు తిమ్మిరెక్కితే పక్కవాడు ఏం చేశాడు?

ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ భార్యనూ కూతురినీ పోగొట్టుకున్నాడు. ఇంట్లో ఆయనొక్కడే మిగిలాడు. ఆ తర్వాత 1961 దాకా బతికి రుబాయీలు రాశాడు. నా నవలలో మిగిలినవాళ్లు ఎవరూ ఏడవరు, వాళ్లకు తీరికే ఉండదు. అది తప్పని చెట్టు కింద నిలబడ్డప్పుడు అర్థమైంది.

రాత్రి అత్తాపూర్‌లో తమ్ముడి ఇంటికి చేరేసరికి కాలనీలో బతుకమ్మ ఆడుతున్నారు. తమ్ముడి కూతురు, ఆరో తరగతి పిల్ల, చప్పట్లు కొడుతూ ఆ వలయంలో తిరుగుతోంది. నన్ను చూసి "పెదనాన్నా" అని అరిచింది కానీ ఆట వదిలి రాలేదు.

రెండో రోజు

తమ్ముడు బండి మీద గండిపేట తీసుకెళ్లాడు. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదలడని ఇక్కడ ఒక మాట ఉంది. వాడి విషయంలో అది నిజమే అయింది.

వరద వచ్చిన మరుసటి ఏడాది, 1909లో, నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఊరికి పైన రెండు జలాశయాలు కట్టమని ఆయన సలహా ఇచ్చాడు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అంటే ఈ గండిపేట చెరువే, 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఊరిని ముంచిన నీళ్లనే ఆపి ఊరికి తాగడానికి ఇచ్చారు. నేను కట్ట మీద కూర్చుని నోట్‌బుక్‌లో రాసుకున్నది వేరే సంగతి. గండిపేట నుంచి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా నీళ్లు పల్లానికి వాటంతటవే పారేలా కాలువ కట్టారు. మోటారు అక్కర్లేదు. ఈరోజు నగరం ఎక్కువగా తాగే కృష్ణా, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి పంపులతో ఎత్తిపోస్తే వచ్చేవి. కరెంటు పోతే మొదటి వారంలోనే ఆ పైపులు ఎండిపోతాయి. వందేళ్ల కిందటి కాలువకు కరెంటుతో పని లేదు.

"అయితే నీ నవల్లో జనమంతా మెహిదీపట్నం, ఆసిఫ్‌నగర్ చుట్టే చేరతారన్నమాట," అన్నాడు తమ్ముడు. నేను రెండొందల యాభై పేజీల్లో వాళ్లను హైటెక్ సిటీ అద్దాల మేడల్లో పెట్టాను. ఇరవయ్యో అంతస్తుకు బిందె ఎవరు మోస్తారు?

కట్ట అవతల కొత్త ఇళ్లు చెరువు వైపు జరుగుతూ వస్తున్నాయి. ఈ రెండు చెరువుల పరీవాహకాన్ని కాపాడాలని 1996లో 111 జీవో తెచ్చారు, 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. నాకు ఆ నిర్ణయం నచ్చలేదు. కరెంటు లేకుండా దాహం తీర్చగల నీళ్లు ఇంత పెద్ద ఊరికి వేరే ఎక్కడున్నాయి?

మూడో రోజు

ఈ రోజు కోసమే అసలు ప్రయాణం. ఉపాధ్యాయుల బృందంతో కలిసి చూడటానికి ముందే అనుమతి తీసుకున్నాను. లింగంపల్లి మీదుగా పటాన్‌చెరు, అక్కడ ఇక్రిశాట్. మెట్ట పంటల పరిశోధన కోసం 1972లో పెట్టిన అంతర్జాతీయ సంస్థ. ఇక్కడే ఎందుకు పెట్టారో గేటు దాటి కొంచెం దూరం పోతే కళ్లకే తెలుస్తుంది. ఒకవైపు ఎర్రచెలక, ఇంకోవైపు నల్లరేగడి. మెట్ట రైతు దున్నే రెండు నేలలూ ఒకే ఆవరణలో ఉన్నాయి. వంగి నల్లమట్టి పెళ్ల ఒకటి తీసుకున్నాను. దక్కను లావా రాయి అరిగి అరిగి ఇలాంటి మట్టి అవుతుంది. రాక్షసబల్లుల కాలం ముగిసిన 6.6 కోట్ల ఏళ్ల నాడు పొంగిన లావా అది. నాలుగు చినుకులు పడితే దాంట్లో కంది మొలుస్తుంది.

జన్యుబ్యాంకులో లక్షా ఇరవై వేలకు పైగా విత్తన రకాలున్నాయి. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, రాగి, కొర్ర, సామ, అరిక, ఊద, వరిగ. నేను చిన్నప్పుడు తిన్నవన్నీ. మా అమ్మమ్మ తిని, నేను ఎన్నడూ చూడనివి కూడా ఇక్కడ ఉండి ఉండొచ్చు.

విత్తనాలను ఎండలో ఎండబెట్టరు. 15 డిగ్రీల చల్లని గదిలో, గాలిలో తేమ 15 శాతం మించకుండా, నిదానంగా ఆరబెడతారు. గింజలో తేమ మూడు నుంచి ఏడు శాతానికి దిగాక కొన్నిటిని అల్యూమినియం డబ్బాల్లో 4 డిగ్రీల దగ్గర పెడతారు. అడిగిన రైతులకూ శాస్త్రజ్ఞులకూ పంపేవి అవే. ఎక్కువ కాలం దాచాల్సినవాటిని గాలి తీసేసిన రేకు ప్యాకెట్లలో మూసి, మైనస్ 20 డిగ్రీల గదిలో ఉంచుతారు. ఆ గదిలోకి దళసరి కోటు తొడిగి పంపారు. ఉన్నది రెండు నిమిషాలే. కనురెప్పల మీద చలి కూర్చుంది. అరల నిండా వెండిరంగు ప్యాకెట్లు, ఒక్కోదాని మీద ఒక నంబరు. ఒక ప్యాకెట్ నా అరచేయంత ఉంది. దాంట్లో ఏ ఊరి జొన్నో, ఏ ముసలామె చీర కొంగులో మూటగట్టి దాచుకున్నదో.

"కరెంటు పోతే?" అని బయటకు రాగానే అడిగాను. నవల రాసేవాడు అడగాల్సిన ప్రశ్న అదే కదా. వెంట ఉన్న శాస్త్రజ్ఞుడు మోటుగా ఒక లెక్క చెప్పారు. దాన్ని హారింగ్టన్ సూత్రం అంటారు. గింజలో తేమ ఒక శాతం తగ్గితే ఆయుష్షు రెట్టింపు. ఉష్ణోగ్రత అయిదు డిగ్రీలు తగ్గితే ఇంకో రెట్టింపు. "చల్లదనం పోయినా ఆరుదల మిగులుతుంది సార్. బాగా ఆరి, గాలి తగలని ప్యాకెట్లో ఉన్న గింజ వెంటనే చచ్చిపోదు," అన్నారు. ఎండ తగ్గి చలి పెరిగితే ఏ పంట నిలుస్తుందని కూడా అడిగాను. జొన్నకూ సజ్జకూ ఎండా వేడీ కావాలి, అవి అల్లాడిపోతాయి. శనగ చలికి ఓర్చుకుంటుంది. కొర్ర మూడు నెలల్లో చేతికొస్తుంది కాబట్టి ఎండ వచ్చే ఆ కాస్త కాలంలో పండించుకోవచ్చు. నోట్‌బుక్‌లో నాలుగు పేజీలు నిండాయి. నా నవలలో జనం ఏం తింటారో మూడేళ్ల తర్వాత తెలిసింది.

కానీ నేను నిలిచిపోయింది చలి గదిలో కాదు, మొలక పరీక్ష గదిలో. కిటికీ పక్కన ఒకావిడ కూర్చుని ఉంది. గాజు పళ్లెంలో తడి కాగితం, దాని మీద వరుసగా సజ్జ గింజలు. చేతిలో చిన్న పట్టకారు. మొలక వచ్చినదాన్ని ఒక్కొక్కటే తీసి పక్కకు పెడుతూ పెదాలతో లెక్కపెడుతోంది. వేరు తెల్లగా దారంలా ఉంది. ఒక గింజ పగిలింది కానీ వేరు రాలేదు. దాన్ని పట్టకారుతో తిప్పి, వెలుతురుకు చూసి, కాసేపు ఆగి, మొలవని వాటిలో వేసింది. దాచిన ప్రతి రకాన్నీ కొన్నేళ్లకోసారి ఇలా పరీక్షిస్తారట. నూటికి 85 కంటే తక్కువ మొలిస్తే ఆ రకాన్ని మళ్లీ పొలంలో వేసి కొత్త గింజ తీయాలి. కంది అయితే తేనెటీగలు పక్క రకం పుప్పొడి తెచ్చి కలిపేస్తాయి కాబట్టి మొక్కల చుట్టూ వలలు కడతారు. లక్షకు పైగా రకాలు, ఒక్కోదానికీ ఈ లెక్క, ఈ వల.

"మా అమ్మ గింజల్లో బూడిద, వేపాకు కలిపి కుండలో పెడుతుంది," అన్నాను ఆవిడతో.

"మా అత్తమ్మ గూడ అంతే సార్. బూడిద తేమ గుంజుతది, పురుగు రాదు."

జేబులోంచి సీసా తీసి చూపించి, అది ఏ బూడిదో చెప్పాను. ఆవిడ దాన్ని కిటికీ వెలుతురుకు పెట్టి అటూ ఇటూ వంచి చూసింది. "ఇదొచ్చినంక ఏం తిన్నరో," అని మెల్లగా అని, సీసా తిరిగిచ్చి మళ్లీ పట్టకారు అందుకుంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర లెనిన్‌గ్రాడ్ మాట వచ్చింది. హిట్లర్ సైన్యం ఆ నగరాన్ని 872 రోజులు ముట్టడించినప్పుడు వావిలోవ్ సంస్థ విత్తన భాండారంలో పనిచేసేవాళ్లు ఆకలితో చచ్చిపోయారు గానీ విత్తనం ముట్టలేదు. వరి విత్తనాల బాధ్యత చూసిన దిమిత్రీ ఇవనోవ్ వేల వరి ప్యాకెట్ల మధ్య తిండి లేక పోయాడు. ఆ సంస్థను పెంచి పెద్దచేసిన నికొలాయ్ వావిలోవ్ 1943లో సరతోవ్ జైల్లో, ఆయనా తిండిలేకనే. సిరియా యుద్ధంలో అలెప్పో దగ్గరి విత్తన బ్యాంకు చేయిదాటిపోతే, 2015లో నార్వే మంచుకొండలోని స్వాల్‌బార్డ్ ఖజానా నుంచి ముందే దాచిన విత్తనాలు తెచ్చి లెబనాన్, మొరాకోల్లో మళ్లీ పండించారు. 2008లో తెరిచిన ఆ ఖజానా నుంచి విత్తనం బయటకు తీయడం అదే మొదటిసారి. పటాన్‌చెరు విత్తనాలకూ అక్కడ జంట ప్యాకెట్లున్నాయి.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నిలబడటానికి కూడా చోటు లేదు. నా నవల హీరో ఒక సైనికుడు. చందానగర్ దాటేలోపు అతను కథలోంచి వెళ్లిపోయాడు. ఆ చోట పట్టకారు పట్టుకున్న ఒక మనిషి కూర్చుంది.

నాలుగో రోజు

పొద్దున్నుంచీ వాన. సాయంత్రం తెరిపిచ్చాక పిల్లను తీసుకుని నౌబత్ పహాడ్ మీదున్న బిర్లా సైన్స్ మ్యూజియానికి వెళ్లాను. అక్కడ కోటాసారస్ అస్థిపంజరం నిలబెట్టి ఉంది. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలు. మన నేల మీద తిరిగిన జంతువు.

"ఇది ఉల్క పడి చచ్చిపోయిందా పెదనాన్నా?"

కాదని చెప్పాను. ఉల్క పడటానికి పది కోట్ల ఏళ్లకు పైగా ముందే ఈ జాతి కాలం ముగిసింది. పిల్ల మెడ వెనక్కి వంచి దాని తలను చాలాసేపు చూసింది. "మరి దీన్ని ఎవరూ దాచలేదా?" అంది. దానికి నా దగ్గర ఏ జవాబూ లేదు. చేయి పట్టుకున్నాను.

తిరిగి వస్తూ నల్లకుంటలో ఒక బంధువును చూడాల్సి వచ్చింది. ఆటో అతనికి ఫీవర్ ఆసుపత్రి దగ్గర అన్నాను. "కోరంటి దవఖానా అనుండ్రి సార్, అట్లంటెనే తెలుస్తది," అన్నాడు. క్వారంటీన్ జనం నోట్లో నలిగి కోరంటి అయింది. అంటురోగులను వేరుగా ఉంచిన రోజుల జ్ఞాపకం ఒక్క మాటలో మిగిలి ఉంది, అడిగేవాళ్లకు సంగతి తెలియకపోయినా. నా నవల జనానికి కూడా ఇలాంటి మాటలు కావాలి. రెండు తరాల తర్వాత చీకటి ఏళ్లను వాళ్లు ఏమని పిలుస్తారు?

ఐదో రోజు

బస్సు మధ్యాహ్నం. పొద్దున్నే గోల్కొండ ఎక్కాను, అంబర్‌ఖానా కోసం మాత్రమే. పైకి వెళ్లే దారిలో సగం కూలిన పాత ధాన్యాగారం అది. 1642 నాటి శాసనం ఉంది. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడిస్తే బయట మొగలు దండే తిండికి అల్లాడింది. కోట చివరికి పడింది లోపలివాళ్లు తలుపు తీసినందువల్ల. గోడ నీడలో కూర్చుని, మా తాత చెప్పిన జొన్నల పాతర గుర్తుచేసుకున్నాను. పాతర తెరిచినప్పుడు మనిషిని వెంటనే దింపేవాళ్లు కాదట. ముందు దీపం దించేవాళ్లు. దీపం ఆరిపోతే లోపల చెడుగాలి ఉన్నట్టు. ఈ సంగతి నవలలో ఎక్కడ పెట్టాలో అక్కడే రాసుకున్నాను.

ఇమ్లీబన్‌లో బస్సు కదిలాక మూసీ కనిపించింది. వానకు నీళ్లు ఎర్రగా, ఉరవడిగా ఉన్నాయి. కర్నూలు వచ్చేదాకా రాస్తూనే ఉన్నాను.

ఇంటికి వచ్చాక

మర్నాడు అమ్మనడిగి అటక మీది కుండ దింపించాను. మూడేళ్ల కిందటి జొన్న విత్తనం. చేయి లోపల పెడితే బూడిద మెత్తగా, చల్లగా తగిలింది. నూరు గింజలు లెక్కపెట్టి, కడిగి, పాత పంచె గుడ్డ తడిపి వరుసగా పేర్చి చుట్టాను. అమ్మ పొద్దునా సాయంత్రమూ దాని మీద నీళ్లు చిలకరించింది. ఎందుకని అడగలేదు.

నాలుగో రోజు పొద్దున ఇద్దరం గుమ్మంలో కూర్చుని గుడ్డ విప్పాం. పట్టకారు లేదు, ఆమె గోటితో ఒక్కొక్కటే తీస్తుంటే నేను లెక్కపెట్టాను. ఎనభై ఒకటి.

పటాన్‌చెరు లెక్క నేనింకా చెప్పనేలేదు. మిగిలిన పంతొమ్మిది గింజలను అమ్మ అరచేతిలో వేసుకుని చూసింది.

"ఈ ఏడు వేసెయ్యాల నాయనా," అంది. "ఇంగ ఆగితే పోతాయి."